నేను విధేయత అనుకున్నది

నాకు క్యాన్సర్ వచ్చిందని చెప్పుకోవడం ఇప్పుడు నాకు పెద్ద కష్టం కాదు. ఎనిమిది నెలలు దాన్ని ఎవరికీ చూపించకుండా దాచి, ఆ దాచడమే దేవుని మీద నమ్మకమని నాకు నేను చెప్పుకున్నానని ఒప్పుకోవడం కష్టం. అందుకే ఆ సంగతి ముందు రాసేస్తున్నాను. తర్వాత రాద్దామనుకుంటే రాయనేమో.

నా పేరు సుగుణ. మాది వాకాడు దగ్గర, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉన్న ఊరు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. నా భర్త రత్నం రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు. మా అత్త సంతోషమ్మ మాతోనే ఉంటుంది. ఒక్కతే కూతురు కెజియా, నెల్లూరులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. కెజియాకు ముందు నాకొక బాబు పుట్టి, పుట్టిన ఆసుపత్రిలోనే మూడో రోజు పోయాడు. ఆ గుమ్మం దాటి ఉత్త చేతులతో బయటికి వచ్చిన రోజు నుంచీ నాకు ఆసుపత్రి వాసన తగిలితే కాళ్ళు చల్లబడతాయి. తర్వాత పుట్టిన పిల్లకు మా అత్తే పేరు పెట్టింది. కష్టాలన్నీ తీరాక యోబుకు పుట్టిన కూతుళ్ళలో ఒకతె కెజియా.

మా చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాత నిబంధన కథలు చెప్పేది నేనే. అబ్రాహాము కథ ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. కొడుకును బలి ఇమ్మని దేవుడు అడిగితే, తెల్లవారగానే లేచి, గాడిదను సిద్ధం చేసుకుని, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా బయలుదేరినవాడు. "ఒక్క ప్రశ్న కూడా" అన్నచోట నేను వేలు పైకెత్తేదాన్ని. పిల్లలు కూడా ఎత్తేవాళ్ళు.

మే

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒకనాడు స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో చేతికి గట్టిగా తగిలింది. రేగు గింజంత ఉంటుంది. నొక్కితే నొప్పి లేదు. నొప్పి లేనిది జబ్బెట్లా అవుతుందనుకున్నాను. పెళ్ళిళ్ళ రోజులు కదా, చేతినిండా పని. ఆ నెలంతా ఊళ్ళో ఆడవాళ్ళ కొలతలు తీస్తూనే ఉన్నాను. నా ఒంటి మీద మాత్రం మళ్ళీ చెయ్యి వేసుకోలేదు.

జూన్ పోయింది. జూలైలో మళ్ళీ చూసుకున్నాను. పెరిగింది.

ఆగస్టు

మా ఊళ్ళో శుక్రవారం ప్రార్థన గుంపు నడిపేది దీవెనమ్మ అక్క. నా కన్నా పదేళ్ళు పెద్ద. ఆమె భర్తను గుండె ఆపరేషనని మద్రాసు తీసుకుపోతే అక్కడే పోయాడు. అప్పటి నుంచీ ఆమెకు ప్రార్థనే లోకం. ఎవరింట్లో జ్వరమొచ్చినా, గేదె ఈనక కష్టపడుతున్నా ఆమెను పిలుస్తారు, ఆమె వస్తుంది. ఊరికి ఆమె చేసిన మేలు తక్కువేమీ కాదు.

నేను మొదట చెప్పింది ఆమెకే. ఇంట్లో మగ్గు కిందపడితేనే ఉలిక్కిపడే మా అత్తకు చెప్పలేను. రత్నానికి చెబితే మర్నాడే బస్సెక్కిస్తాడు. కెజియాకు అసలే చెప్పలేను.

దీవెనమ్మక్క నా చేతులు పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత అంది: "ఆసా రాజు సంగతి నీకు తెలవంది కాదు గదా. కాళ్ళ జబ్బు వస్తే దేవుణ్ణి వదిలేసి వైద్యుల ఎంటబడినాడు. ఏమైంది? పోయినాడు. నువ్వు పిల్లలకి చెప్పేదానివి, నీకు నేను చెప్పాల్నా సుగుణా?"

"పోకూడదంటావా అక్కా?"

"నేను పోవద్దనడం లేదుమే. నీ నమ్మకం ఎంతో నువ్వే చూసుకో. నలభై రోజులు ఉపవాసం ఉందాం, నేను గూడా ఉంటా నీతో. ఎవురికీ చెప్పబాక. నలుగురి నోళ్ళల్లో పడితే మనసు చెదిరిపోద్ది."

ఆమె నన్ను మోసం చేసిందని ఇప్పటికీ అనను. ఏ మాట వినాలని నేను ఆమె ఇంటికి వెళ్ళానో ఆ మాటే ఆమె చెప్పింది. ఆసుపత్రికి పోనక్కర్లేదు. పోకపోవడమే దేవునికి ఇష్టం. ఎంత హాయిగా ఉందో ఆ సాయంత్రం! ఇంటికి నడుస్తుంటే గాలి కూడా చల్లగా తగిలింది. నేను అబ్రాహాములాగా ఒక్క ప్రశ్న వేయకుండా నడుస్తున్నాననుకున్నాను.

నలభై రోజులూ ఆమె మాట తప్పలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా పస్తు ఉండి, దీపాలు పెట్టే వేళకు మా ఇంటికి వచ్చి, నా తల మీద నూనె రాసి, కన్నీళ్ళతో ప్రార్థించేది. ఏదో మొక్కుబడి ఉపవాసమని ఇంట్లో చెప్పాను. మా అత్త సంతోషించింది. అత్తకు ఆయాసంగా ఉంటోందని సాకు చెప్పి ఆమె పక్కన పడుకోవడం మొదలుపెట్టాను. రత్నం ఒకటి రెండుసార్లు నా వైపు అదోలా చూశాడు. అడగలేదు. అడక్కుండా ఉండడం ఆయనకు అలవాటు. దాన్ని నేను బాగా వాడుకున్నాను.

నవంబరు వానలకు గుంటల గట్లు తెగి ఆయన రోజుల తరబడి ఇంటికి రాలేదు. ఆ వానల్లోనే చర్మం లోపలికి గుంటపడింది. తర్వాత చిన్న పుండు. నా జాకెట్టు నేనే విప్పి, లోపల మెత్తటి గుడ్డ మడతపెట్టి కుట్టుకున్నాను. కుడుతూ పాట పాడుకున్నాను కూడా. మనిషి తన్ను తాను ఎంత దూరం మోసం చేసుకోగలడో నాకు అప్పుడు తెలియలేదు.

క్రిస్మస్

కెజియా సెలవులకు వచ్చింది. గుమ్మంలోనే నన్ను కావలించుకుని, వెంటనే వెనక్కి జరిగింది. వాసన పట్టేసింది.

"అమ్మా, ఏందది?"

"ఏం లేదు, సెగ్గడ్డ."

నా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది. విప్పమంది. నేను విప్పలేదు. తానే హుక్కులు తీసింది. చూసి, మంచం మీద కూర్చుని, రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ చదువు చదవకపోయినా బాగుండేదే అనిపించింది ఆ క్షణాన. దాని మొహంలో నాకు ఫలితం కనపడిపోయింది.

"ఎన్నాళ్ళయింది?"

చెప్పాను. ఉపవాసం సంగతి, ఆసా రాజు సంగతి, అంతా చెప్పాను. దేవుని చిత్తానికి లోబడ్డాను తల్లీ అన్నాను.

అది అరిచింది. బయట స్టారు కడుతున్న వాళ్ళ నాయనకు వినపడేటట్టు అరిచింది. "దేవుడు నిన్ను అడిగినాడా? పోవద్దని నీకు చెప్పినాడా? అబ్రాహాముకు పేరు పెట్టి పిలిచి చెప్పినాడంటివే మాకు! నిన్నెవురు పిలిచినారు? చెప్పు, నీకేం వినపడింది?"

నాకేమీ వినపడలేదు. అదే నిజం. మే నెల నుంచీ నాకు ఒక్క మాట వినపడలేదు. పిలవనివాడికి లోబడ్డాను. అది విధేయత కాదని, మూడు రోజుల బిడ్డను వదిలి వచ్చిన ఆ ఆసుపత్రి గుమ్మమంటే భయమని నా కూతురి మొహం చూస్తుంటే అర్థమైంది. అర్థమైనా నోటితో అనలేకపోయాను.

రత్నం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో రంగు కాగితం నక్షత్రం. "నాకు గూడా చెప్పకపోతివే," అన్నాడు. అంతే. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. బయటికి వెళ్ళి గుంటల వైపు నడిచిపోయాడు. మా అత్త గోడకు ఆనుకుని, "నా పక్కలోనే పండుకుంటివి గదే తల్లీ, నాకు తెలవకపాయె," అంటూ ఏడ్చింది. ఆ ఏడు మేం పండక్కి చర్చికి పోలేదు.

జనవరి

నెల్లూరులో ఆసుపత్రి హాలు. వరసగా ఇనుప కుర్చీలు, గోడకు టీవీ, దాంట్లో సౌండు లేకుండా ఏదో సినిమా. ఇంతమంది ఆడవాళ్ళు ఇంత నిశ్శబ్దంగా కూర్చోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఎవరికి వాళ్ళు చీటీ పట్టుకుని, దాని మీద నంబరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తుంటారు. పిలిస్తే భయం, పిలవకపోతే విసుగు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మా కెజియా కన్నా ఎనిమిదేళ్ళు పెద్దదేమో. పరీక్షలన్నీ అయ్యాక కాగితాల మీంచి తలెత్తి, "ముందే వచ్చి ఉంటే బాగుండేదమ్మా," అంది. మెత్తగానే అంది. చంకలోకి పాకిందట. ముందు మందులెక్కించి, తగ్గితే ఆపరేషను చేస్తామంది. తగ్గకపోతే అని నేను అడగలేదు. కెజియా కూడా అడగలేదు. రత్నం అడిగాడు. ఆమె చీటీ రాస్తూ, "మొదలుపెడదాం," అంది.

ముందే వచ్చి ఉంటే. ఆ మూడు మాటలు నన్ను వదల్లేదు. అన్నం కలుపుతున్నా, బస్సులో కూర్చున్నా అవే. బైబిలు తెరిస్తే ప్రతి పేజీలోనూ అవే.

ఆ హాల్లోనే రమణమ్మ పరిచయం. చిల్లకూరు దగ్గరి ఊరు, వరి పొలం ఉంది వాళ్ళకు, నాదే జబ్బు. నాకన్నా నెల ముందు మొదలుపెట్టింది కనుక నాకు పెద్దదానిలాగా అన్నీ చెప్పేది. మందెక్కేటప్పుడు నోట్లో ఏలక్కాయ వేసుకోమని, జుట్టు రాలేదాకా ఆగకుండా ముందే తీయించుకోమని. "రాలేది చూస్తా ఉంటే పిచ్చెక్కుద్ది అక్కా. మనమే తీసేస్తే మన ఇష్టంతో పోయినట్టు ఉంటాది." నేను ఆమె మాట విని తీయించుకున్నాను. మొదటి విడత రోజు నేను వణుకుతుంటే తన దుప్పటి తీసి నా మీద కప్పి, తాను చీర కొంగు చుట్టుకుని కూర్చుంది. ఎర్రంచు నల్ల దుప్పటి అది.

ఒకరోజు అడిగింది: "మీరు కిరస్తానం వాళ్ళు గదా. మీ దేవుడికి మొక్కుతా ఉంటావే, ఆ పక్కనే నా పేరు గూడా చెప్పు. మా ఎంకన్నకు నేను నీ పేరు చెప్తుండా."

చెప్పాను. ప్రతిరోజూ రెండు పేర్లు చెప్పాను. కొన్ని రోజులు నా పేరు మర్చిపోయి ఆమె పేరొక్కటే చెప్పాను.

శ్రమదినాలు

ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై రోజుల్లో, మూడో విడత తర్వాత, నేను మనిషిని కాదు. నీళ్ళు తాగినా బయటికే. నోరంతా పూత. మా అత్త జావ కాచి, చెంచా పట్టుకుని, నేను మొహం తిప్పుకుంటే తానూ తినకుండా కూర్చునేది. రత్నం గుంటల పని మానేసి ఇంట్లోనే ఉన్నాడు. నాతో మాట్లాడేవాడు కాదు కానీ, వాంతి గిన్నె తీసుకుపోయి కడుక్కొచ్చి పెట్టేవాడు. ఒకసారి కడుగుతూ దొడ్లో నిలబడి ఏడవడం కిటికీలోంచి చూశాను.

దేవుని మీద నాకు కోపం లేదు. కోపమైనా ఉండి ఉంటే బాగుండేది. గోడకు చెప్పినట్టుండేది ప్రార్థన. ఆయన సర్వాధికారి, ఏది ఎప్పుడు చేయాలో ఆయనకు తెలుసు అని నేనే కదా పిల్లలకు చెప్పింది. సర్వాధికారి అయితే మే నెలలో నన్నెందుకు ఆపలేదు? నా తప్పు నా తప్పే. కానీ అన్నీ ఆయన చేతిలోనే ఉంటే, నా తప్పు ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న ఇప్పటికీ తెగలేదు.

మా చర్చి పాత పాస్టరు అయ్యగారు, ఉద్యోగం నుంచి దిగిపోయి గూడూరులో ఉంటున్న పెద్దాయన, కర్ర పట్టుకుని బస్సెక్కి నన్ను చూడడానికి వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. నేను అడిగాను: "అయ్యగారూ, ఆసా రాజు చేసింది తప్పు గదా? నేను చేయనిది అదే గదా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆసా తప్పు వైద్యుల దగ్గరికి పోవడం కాదమ్మా. దేవుణ్ణి పక్కనబెట్టి పోవడం. హిజ్కియా రాజు కథ చదవలేదా నువ్వు? చావు ఖాయమని తెలిసి గోడవైపు తిరిగి ఏడ్చినాడు. దేవుడు విన్నాడు. విని ఏం చేసినాడు? ఊరికే ముట్టి బాగుచేయలేదు. పుండు మీద అంజూరపు పళ్ళ ముద్ద కట్టమని ప్రవక్తే చెప్పినాడు. మందు గూడా ఆయనదే."

"ఇది ముందే చెప్పుండొచ్చు గదా అయ్యగారూ."

"చెప్పుండాల్సింది. నలభై ఏళ్ళు ప్రసంగాలు చేసినా. ఆసా గురించి చెప్పినా, అబ్రాహాము గురించి చెప్పినా. ఆ అంజూరపు ముద్ద గురించి ఒక్క ఆదివారమన్నా చెప్పినానా అని బస్సులో ఆలోచిస్తా వచ్చినా. గుర్తు రాలేదు." ప్రార్థన చేయబోయి, చేయలేక, నా పాదాల మీద చెయ్యి వేసి కాసేపు ఉంచి వెళ్ళిపోయారు. ఆ సంవత్సరమంతటిలో నాకు ప్రార్థనలాగా తగిలింది అదొక్కటే.

ఆయన వెళ్ళాక గోడవైపు తిరిగి ఏడ్చాను. హిజ్కియాకు పదిహేనేళ్ళ ఆయుష్షు కలిసింది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

జూన్

మందులకు గడ్డ తగ్గింది. ఆపరేషను చేసి కుడి రొమ్ము తీసేశారు. కట్టు విప్పే రోజు నేను కళ్ళు మూసుకున్నాను. కెజియా, "చూడమ్మా, శుభ్రంగా ఉంది," అంది, నర్సులాగా. తర్వాత బాత్‌రూములోకి పోయి పంపు తిప్పుకుంది. లోపలి నుంచి నీళ్ళ చప్పుడు ఒక్కటే కాదు వినపడింది.

కుడి చెయ్యి వాచిపోయింది. చంకలో గడ్డలు తీసినందుకు అలా ఉంటుందట. కత్తెర పట్టుకుంటే గుడ్డ దాకా వెళ్ళేలోపే వేళ్ళు బరువెక్కిపోయేవి. మిషను మీద దుప్పటి కప్పేశాను.

కరెంటు, అంటే రేడియేషను, పెట్టించుకోవడానికి మళ్ళీ ఆసుపత్రికి తిరుగుతున్న రోజుల్లో రమణమ్మ కనపడడం లేదని గమనించాను. ఒక వారం, రెండు వారాలు. ఫోను చేస్తే ఆమె కోడలు ఎత్తింది.

"అత్త పోయి తొమ్మిది రోజులైంది. వాకాడు అక్క ఫోను చేస్తే చెప్పమనింది, మీరేనా?"

"నేనే. ఏం చెప్పమనింది?"

"ఏం లేదు. అక్క బాగుండాదా అని అడగమనింది."

హాల్లో ఇనుప కుర్చీ మీద కూర్చుని ఉన్నాను. ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాను, అవతల పెట్టేసినా. రోజూ రెండు పేర్లు చెప్పాను కదా. ఆమె ఆలస్యం చేయలేదు. గడ్డ తగిలిన వారానికే వచ్చింది. ఎనిమిది నెలలు దాచినదాన్ని నేను, బతికి ఉన్నదాన్ని నేను. దీనికి అర్థం చెప్పగలిగిన వాక్యం పాత నిబంధనలో వెతికాను. యోబుకు చివర్లో దేవుడు ప్రత్యక్షమై మాట్లాడాడు గాని, పోయిన పదిమంది బిడ్డలు ఎందుకు పోయారో చెప్పలేదు. ఎన్నిసార్లు చదివినా అక్కడ లేదు. మళ్ళీ పదిమంది పుట్టారు. పోయినవాళ్ళు పోయినట్టే ఉన్నారు. ఆ కథ పిల్లలకు చెప్పేటప్పుడు నేను అక్కడ త్వరగా దాటేసేదాన్ని.

సెప్టెంబరు

చికిత్స అయిందని, చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. అది మా ఆనవాయితీ. దేవుడు నన్ను స్వస్థపరిచాడని చెప్పాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. తలకు గుడ్డ కట్టుకుని వెళ్ళాను. మైకు ఎడమ చేత్తో పట్టుకున్నాను. రాసుకుపోయింది ఒక్కటీ చెప్పలేదు.

"నేను ఎనిమిది నెలలు దాచినా. దేవునికి లోబడినా అనుకున్నా. లోబడలేదు, భయపడినా. ఆయన నాకేమీ చెప్పలేదు, నేనే ఆయన నోట్లో మాట పెట్టినా. నాకు తగ్గిందో లేదో ఇంకా తెలవదు, మూడు నెలలకొకసారి చూస్తారంట. నాతోపాటు మందెక్కించుకున్న మనిషి పోయింది, ఆమెకోసం గూడా నేను ప్రార్థన చేసినా. మీలో ఎవురికన్నా ఒంట్లో గడ్డ తగిలుంటే రేపే పోండి. ప్రార్థన చేసుకుంటా పోండి. అంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొత్త అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్ళ వరసలో దీవెనమ్మక్క తల దించుకుని కూర్చుంది. ఆమె పేరు నేను ఎత్తలేదు. అయినా అందరూ ఆమె వైపే చూశారు. ఆరాధన అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక మా అత్త, "ఆమెను అట్టా నిలబెట్టాల్సింది కాదుమే," అంది. నాకూ అదే అనిపించింది.

గురువారం పొద్దున ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో సంచితో. నేను మంచినీళ్ళిచ్చాను. తాగలేదు.

"సుగుణా, నీతో ఉపవాసం చేసింది నీ ఒక్కదాని కోసమే కాదు," అంది. "నాగ్గూడా ఉండాది. నీకన్నా ముందు నుంచి. మా ఆయన్ను పంపిన ఆ గదుల్లోకి నేను పోలేనని..." మాట పూర్తి చేయలేదు.

నా లోపల ఏం కదిలిందో రాస్తాను, దాచను. ముందు కోపం. ఆ నూనె, ఆ కన్నీళ్ళు, అన్నీ నాతోపాటు తనకోసం కూడానా అని. ఆ తర్వాత ఆ నలభై రోజులూ ఇద్దరం ఒకే భయంతో, ఎదురెదురుగా కూర్చుని, ఒకరి భయానికి ఒకరం నమ్మకమని పేరు పెట్టామని తెలిసింది. కోపం ఎంతసేపు ఉండగలదు? చీర మార్చుకుని వచ్చాను.

నెల్లూరు బస్సులో ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. గూడూరు దాటాక అడిగింది: "దేవుడు నా మాట వింటాడంటావా?"

"వినడం వింటాడక్కా. ఏం చేస్తాడో నాకు తెలవదు."

"తెలవకుండానే ఎట్టా నమ్మేది?"

"నాకు గూడా ఇంకా రాలేదు."

అది నేను ఆమెకు చెప్పగలిగినంత నిజం. ఇంతకన్నా పెద్ద మాట చెప్పే అర్హత నాకు ఇప్పుడు లేదు. ఉందనుకున్న రోజుల్లో చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి.

హాల్లో చీటీ తీసుకుని కూర్చున్నాం. ఏసీ చలికి ఆమె చేతులు చంకల్లో పెట్టుకుంది. గంటన్నర గడిచాక నంబరు పిలిచారు. ఆమె లేచి, తలుపు దాకా నడిచి, అక్కడ ఆగిపోయింది. వెనక్కి తిరిగింది.

"నువ్వు గూడా లోపలికి రా సుగుణా. నేను ఆ రోజు నీతో రాలేదు. అయినా నువ్వు రా."

కుడి చెయ్యి లేవదు. ఎడమ చేత్తో తలుపు తోసి, ఆమెను ముందు నడిపించాను.